కాన్విక్ట్ సిక్లిడ్లు: జోడీ కుదరడం నుంచి పిల్లలను వేరు చేసేదాకా, మన వరంగల్ నీళ్లకు ఎండలకు తగ్గట్టు

“గుడ్లు పెట్టింది, పొద్దున లేచి చూస్తే ఒక్కటీ లేదు, ఏం చేయాలి?” హన్మకొండ, కాజీపేట మొదలుకొని జనగామ, మహబూబాబాద్ దాకా కాన్విక్ట్ సిక్లిడ్ అనే అక్వేరియం చేపను పెంచేవాళ్లందరిదీ దాదాపు ఇదే ప్రశ్న. ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ ఓపిక అయిపోయింది, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నా.

జవాబు ముందే చెప్పేస్తా. గుడ్లు పెట్టించడానికి మనం పెద్దగా చేసేదేం లేదు, కాన్విక్ట్‌లు ఎలాగూ పెడతాయి. కష్టమంతా వాటిని కాపలా కాయనివ్వడంలో ఉంది. కాపాడుకోవడానికి ఒక చోటు, తరమడానికి ఒక శత్రువు, మన చెయ్యి లోపల పడని పది రోజులు. ఈ మూడింటి కోసమే కింద రాసినదంతా.

1. ఏ చేపతో మొదలుపెట్టాలి

కాన్విక్ట్ సిక్లిడ్‌తో. షాపుల్లో జీబ్రా సిక్లిడ్ అని కూడా అంటారు. బూడిద రంగు ఒంటి మీద నల్ల చారలు. తెల్లగా, లేత గులాబీ రంగులో అమ్మేవి కూడా ఇదే జాతి, చారలు లేవంతే. సొంత ఊరు మధ్య అమెరికా.

మగది 10 నుంచి 12 సెంటీమీటర్లు పెరుగుతుంది, వెనక రెక్కల చివర్లు పొడవుగా సాగి ఉంటాయి, వయసు వచ్చాక నుదురు కొంచెం ఉబ్బుతుంది. ఆడది 7, 8 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది, పొట్ట దగ్గర నారింజ రంగు మచ్చ ఉంటుంది. చేపల్లో సాధారణంగా మగదానికే రంగులెక్కువ, ఇక్కడ తిరగబడింది. దాంతో మొదటిసారి కొనేవాళ్లు రంగు చూసి మగదనుకుని రెండూ ఆడవే తెచ్చుకుంటారు. తెల్ల రకంలో కూడా ఈ మచ్చ కనిపిస్తుంది, కొంచెం పరీక్షగా చూడాలి.

ఫ్లవర్‌హార్న్‌తో మొదలుపెడతామని చాలామంది అంటారు. వద్దు. అది మనుషులు కలిపి పుట్టించిన సంకర చేప, మగవాటిలో చాలావాటికి గుడ్లను ఫలదీకరించే శక్తే ఉండదు, పైగా ఆడదాన్ని చంపేదాకా కొడతాయి. ఆస్కార్ అడుగు దాకా పెరుగుతుంది, దానికి గదిలో సగం తొట్టి కావాలి. రామ్ సిక్లిడ్‌కు మెత్తటి నీళ్లు, అంటే లవణాలు తక్కువున్నవి కావాలి, మన బోరు నీళ్లలో దాని గుడ్లు నిలవవు. ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు.

జోడీ అని చెప్పి రెండు చేపలు సంచిలో వేసి ఇస్తారు, నమ్మొద్దు. ఆ రెండూ ఒకదాని ముఖం ఒకటి ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. అంగుళంన్నర సైజువి ఆరు పిల్లలు కొనండి, కలిసి పెరగనివ్వండి, వాటి జోడీ అవే చూసుకుంటాయి.

2. తొట్టి

లీటర్ల లెక్క తెలియకుండా తొట్టి కొనొద్దు. పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళాల్లో గుణించి 61తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 30×12×15 తొట్టి అంటే దాదాపు 88 లీటర్లు, ఒక జోడీకి ఇది కనీసం. 36×15×15 అయితే 132 లీటర్లు. నన్నడిగితే రెండోదే కొనండి, ఎందుకో జోడీ గురించి చెప్పేటప్పుడు తెలుస్తుంది. నీళ్ల బరువే 130 కిలోలు దాటుతుంది, అద్దం, ఇసుక, రాళ్లు అదనం. కాబట్టి టీవీ స్టాండ్ మీదో పాత చెక్క బల్ల మీదో పెట్టి దేవుడి మీద భారం వేయకండి.

పెట్టే చోటు ముఖ్యం. తలుపు పక్కన, టీవీ ఎదురుగా, పడమటి కిటికీ దగ్గర వద్దు. బతుకమ్మ రోజుల్లో మా ఇంటికి చుట్టాలొచ్చారు, పిల్లలు అద్దం మీద ఒకటే కొట్టడం, గంటలో గుడ్లన్నీ తల్లి కడుపులోకే పోయాయి. తప్పు పిల్లలది కాదు, వసారాలో తొట్టి పెట్టిన నాది. ఇప్పుడు వెనక అద్దానికి, రెండు పక్కలకు నల్ల చార్ట్ అంటించి ఉంచుతా, ముందు వైపే తెరిచి ఉంటుంది.

లోపల అమర్చే వరుస తప్పకూడదు. ముందు తొట్టి అడుగున పలచటి థర్మాకోల్ ముక్క వేసి దాని మీద రాళ్లు పెట్టండి, ఆ తర్వాతే చుట్టూ ఇసుక పోయండి. ఇసుక మీద రాయి పెడితే ఈ చేపలు కిందంతా తవ్వేస్తాయి, రాయి పక్కకు దొర్లి చేప మీద పడుతుంది, లేకపోతే అద్దం పగులుతుంది. మానేరు ఇసుక అయినా గోదావరి ఇసుక అయినా పర్వాలేదు, కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా బకెట్లో కడగాలి. రెండు అంగుళాల మందం చాలు.

గుడ్లు పెట్టడానికి మట్టి గురిగికి మించింది లేదు. రంగు వేయనిది, కొత్తది తెచ్చి రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, పక్కకు పడుకోబెట్టండి. మూతి మన వైపు పూర్తిగా కాకుండా కొంచెం ఏటవాలుగా ఉంటే వాటికి చాటు, మనకు కాస్త చూపు. జోడీ ఒకటే అయినా గురుగులు మూడు పెట్టండి. ఎక్కడ పెట్టాలో అవే తేల్చుకుంటాయి, మనం ఎంతో ముద్దుగా పెట్టిన గురిగిని వదిలేసి హీటర్ వెనక మూలలో పెట్టినా ఆశ్చర్యపోవద్దు. తాండూరు బండ ముక్క కూడా పనికొస్తుంది. అది సున్నపు రాయి కాబట్టి నీళ్ల గట్టిదనం కొంచెం పెరుగుతుంది, కాన్విక్ట్‌కు దాంతో ఇబ్బంది లేదు.

ఇసుకలో నాటిన మొక్కలన్నీ పీకేస్తాయి. రాయికి కట్టిన జావా ఫెర్న్, అనూబియాస్ ఉంచుకోవచ్చు. లేదా మనీప్లాంట్ వేర్లు నీళ్లలో, ఆకులు బయట ఉండేట్టు పెట్టండి. ఖర్చు లేదు, చేపల వ్యర్థాల వల్ల నీళ్లలో పేరుకునే నైట్రేట్ కూడా పీల్చుకుంటుంది.

ఫిల్టర్ స్పాంజ్‌దే. మోటారు ఫిల్టర్ తప్పదంటే నీళ్లు లాగే మూతికి స్పాంజ్ తొడగండి, లేకపోతే మొదటి రాత్రే సగం పిల్లలు అందులోకి పోతాయి.

చేపలు వేసే ముందు చూసుకోవాల్సినవి:

- స్టాండ్ మట్టంగా ఉందా, నీళ్లు పోశాక ఒక పక్కకు ఒరగడం లేదు కదా
- రాళ్లు అడుగున థర్మాకోల్ మీద ఆనాయా, ఇసుక మీద కాదు కదా
- మూడు గురుగులు, ఒకదానికొకటి దూరంగా
- స్పాంజ్ ఫిల్టర్, కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు
- హీటర్‌కు ప్లాస్టిక్ కవచం, పక్కన థర్మామీటర్
- పైన మూత, ఎందుకంటే తరుముకునేటప్పుడు ఎగిరి బయట పడతాయి

3. నీళ్లు, వేడి

మన దగ్గర గుట్టలు, బండరాళ్ల కింది బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి, క్షారం వైపు ఉంటాయి. కాన్విక్ట్‌కు పీహెచ్ 7 నుంచి 8 మధ్య హాయిగా ఉంటుంది, అంటే నీళ్ల కోసం ప్రత్యేకంగా ఏమీ చేయక్కర్లేదు. ఒక్క చిక్కుంది. పీహెచ్ ఎక్కువున్న నీళ్లలో, చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా మరింత విషం. పీహెచ్ తక్కువున్న నీళ్లలో తట్టుకునే మోతాదే మన నీళ్లలో పిల్లలను చంపుతుంది.

అందుకే కొత్త తొట్టిలో ఫిల్టర్ పండాలి. స్పాంజ్‌లో ఈ అమ్మోనియాను విరిచే మేలు బ్యాక్టీరియా పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఎవరి దగ్గరైనా ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉంటే అందులోని పాత స్పాంజ్ ఒకటి అడిగి తెచ్చుకోండి, తడి ఆరకుండా తేవాలి, సగం పని తప్పుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే జోడీ సంగతి.

నల్లా నీళ్లు వాడేవాళ్లు క్లోరిన్ పోగొట్టాలి. డ్రమ్ములో పోసి, గాలి బుడగలు వదిలే ఎయిర్ రాయి పెట్టి ఒక రోజు ఉంచండి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు డబ్బా మీద రాసినంతే వేయండి. స్పాంజ్‌ను కూడా నల్లా కింద కడగొద్దు, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

వేడి 26, 27 డిగ్రీలు. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున మన దగ్గర చలి తెలిసిందే, లీటరుకు ఒక వాట్ లెక్కన హీటర్ పెట్టండి. నీళ్లు మార్చే ముందు దాని స్విచ్ ఆపి తీరాలి. వేడెక్కిన హీటర్ గాజు నీళ్ల పైకి తేలితే పగులుతుంది, ఆ నీళ్లలో మన చెయ్యి ఉంటే ఇంకా ప్రమాదం.

ఎండాకాలం దీనికి రివర్స్. ఏప్రిల్ చివరి నుంచి తొలకరి పడేదాకా నేను జోడీలను కలపను. మేలో మిద్దె మీద ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం ముట్టుకుంటే కాలుతాయి, తెలియక అవే పోస్తే చేపలు పోతాయి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, గుడ్లకు అదే ముందు తగిలే దెబ్బ. ఎలాగూ పెట్టేశాయి అనుకోండి, మూత తీసి జాలీ వేసి, నీటి మీదుగా టేబుల్ ఫ్యాన్ తిప్పండి, ఎయిర్ పెంచండి. ఫ్యాన్ గాలికి నీళ్లు తొందరగా తగ్గుతాయి, రోజూ చల్లటి నీళ్లు కొంచెం కొంచెంగా పోయాలి. ఐసు గడ్డలు నేరుగా వేయొద్దు.

4. జోడీ కుదరడం, కుదిరాక కొట్టుకోకుండా చూడటం

ఆరు పిల్లలు నాలుగైదు నెలల్లో ఈడుకు వస్తాయి. ఒకరోజు చూస్తారు, రెండు ఒక మూల పట్టుకుని మిగతా నాలుగింటినీ అవతలి మూలకు కుక్కేసి ఉంటాయి. అదే మీ జోడీ. అంతకు ముందు రెండూ ఎదురెదురుగా నిలబడి రెక్కలు విప్పి ఒళ్లు వణికిస్తాయి, తోకతో నీళ్లు కొడతాయి, మూతులు మూతులు పట్టుకుని లాక్కుంటాయి. కొట్లాటలాగే ఉంటుంది, కానీ అది ఒకరి బలం ఒకరు చూసుకోవడం. రెండూ సమానంగా పట్టుకుంటే కుదిరినట్టే. ఒకటి పట్టుకుని ఇంకొకటి పారిపోతుంటే కుదరలేదు.

జోడీ కుదిరిందంటే మిగతా నాలుగింటినీ తీసేయాలి, లేకపోతే వాటి ప్రాణాలు దక్కవు. ఇక్కడి వరకు అందరూ చెప్తారు. ఇక్కడే నేను పెద్ద పొరపాటు చేశా. నాలుగూ తీసేసి, జోడీని మాత్రం ఉంచి, మేత వేసి, ఇక ప్రశాంతంగా ఉంటాయిలే అని మేడారం జాతరకు పోయాను. మూడు రోజులకు వచ్చి చూస్తే ఆడది ఫిల్టర్ వెనక తోక, రెక్కలు చీలికలై చచ్చి ఉంది. మగదానికి తరమడానికి ఎవరూ మిగల్లేదు, ఎదురుగా ఉన్నది పెళ్లామే.

కాపలా కాసే చేపకు కాపలా దేని మీదనో ఉండాలి. శత్రువు కంటికి కనిపిస్తే జోడీ భుజం భుజం కలిపి నిలబడుతుంది. శత్రువు లేకపోతే ఆ కోపమంతా లోపలే తిరుగుతుంది. దీనికి ఉపాయం:

- తొట్టి పొడవులో నాలుగో వంతు దగ్గర గాజు పలక అడ్డం పెట్టండి, అంచుల్లో నీళ్లు మాత్రం పారేంత సందు ఉండాలి
- ఆ చిన్న భాగంలో మీరు తీసేసిన నాలుగింటిలో ఒకదాన్నో రెంటినో ఉంచండి, దాక్కోవడానికి ఒక గురిగి వాటికి కూడా
- జోడీ రోజంతా గాజు మీదికి దూకుతుంటుంది, ఎవరికీ దెబ్బ తగలదు
- అవతలి చేపలు మరీ బెదిరి మేత మానేస్తే గాజుకు సగం దాకా కాగితం అంటించండి
- పక్కనే ఇంకో తొట్టి ఉంటే ఇదేం అక్కర్లేదు, రెండు తొట్ల మధ్య కాగితం తీసేస్తే చాలు

మూడడుగుల తొట్టి కొనండి అన్నది ఇందుకే.

కొన్ని మగవి ఇంత చేసినా ఆడదాన్ని వదలవు. అప్పుడు సీలింగ్ లైట్ల కింద వాడే గడుల ప్లాస్టిక్ జాలీ తెచ్చి తొట్టి మధ్యలో నిలబెట్టి, ఆడది దూరేంత, మగది దూరలేనంత కంత ఒకటి కోయండి. ఆడదానికి ఇష్టమైనప్పుడు వస్తుంది, తేడా వస్తే పుట్టింటికి పోతుంది. ఈ పద్ధతితో నా దగ్గర తర్వాతి జోడీ నిలబడింది.

జోడీ కుదిరాక రెండు వారాలు తిండి బాగా పెట్టండి. మంచి పెల్లెట్, వారానికి రెండు మూడు సార్లు ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్ (ఎర్ర పురుగులు), ఇంటి వెనక మట్టిలో దొరికే వానపాములు కడిగి ముక్కలు చేసి. మందు కొట్టిన చేను దగ్గరివి మాత్రం వద్దు. మురికి కాల్వల్లో పట్టి అమ్మే ట్యూబిఫెక్స్ పురుగులు నేను ముట్టను, రోగాలు ఇంటికి తెచ్చుకోవడమే.

తర్వాత మూడో వంతు నీళ్లు తీసి, తొట్టి కంటే ఒకటి రెండు డిగ్రీలు చల్లగా ఉన్నవి పోయండి. వాన పడిందనుకుంటాయో ఏమో, చాలాసార్లు రెండు మూడు రోజుల్లో పని మొదలవుతుంది.

5. గుడ్లు పెట్టే రోజు

రెండూ కలిసి గురిగి లోపలి గోడను నోటితో గీకి శుభ్రం చేస్తుంటాయి, చుట్టూ ఇసుక తోడి గుట్ట పోస్తాయి. ఆడదాని పొట్ట కింద చిన్న గొట్టం బయటికి కనిపిస్తే ఒకటి రెండు రోజుల్లో పెడుతుందని లెక్క.

ఆడది గోడను ఆనుకుని మెల్లగా జరుగుతూ గుడ్లు అంటిస్తుంది, వెనకే మగది పోతుంది. వంద నుంచి రెండు మూడు వందల దాకా ఉండొచ్చు, గింజ గింజగా లేత గోధుమ రంగులో. ఆ రోజు మీ పని ఒక్కటే, తారీఖు రాసుకోవడం.

6. గుడ్ల కాపలా: మొదటి మూడు రోజులు

27 డిగ్రీల దగ్గర గుడ్లు పగలడానికి దాదాపు 72 గంటలు. ఈ మూడు రోజులు ఆడది గుడ్ల మీదే ఉంటుంది, పక్క రెక్కలతో ఆపకుండా విసురుతుంది. గుడ్లకు తాజా నీళ్లు, ఆక్సిజన్ అందేది ఆ విసురుతోనే. మగది బయట గస్తీ తిరుగుతుంది, మధ్యమధ్య వచ్చి ఆడదాన్ని మేతకు వదులుతుంది.

మధ్యలో ఆడది కొన్ని గుడ్లను నోట్లో పెట్టుకోవడం చూసి జనం కంగారు పడతారు. తెల్లబడినవి పాడైన గుడ్లు, వాటికి బూజు పట్టి పక్కవాటికి పాకుతుంది, తల్లి ఏరిపారేస్తోంది. తినేస్తోందని గురిగి బయటికి లాగేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

చేయాల్సినవి:

- రాత్రి గదిలో చిన్న జీరో బల్బు వెలగనివ్వండి
- తొట్టి లైటు వేసే ముందు గది లైటు వేసి పావుగంట ఆగండి, ఆపేటప్పుడు ముందు తొట్టిది ఆపండి
- మేత సగం చేసి, గురిగికి దూరంగా వేయండి
- అమ్మోనియా చూడండి, తప్పనిసరైతే పది శాతం నీళ్లు, అవతలి మూల నుంచి, సన్న పైపుతో

చేయకూడనివి:

- ఇసుక కడగడం, గురిగి జరపడం, లోపలికి టార్చి వేయడం
- ఫోన్ ఫ్లాష్‌తో ఫొటోలు
- సక్కర్ చేపను అందులో ఉంచడం

చివరిది మళ్లీ చెప్తున్నా. నాచు తింటుందని పెట్టే ఆ సక్కర్ చేప రాత్రిపూట జోడీ మందగించగానే గుడ్ల మీద పడుతుంది. నత్తలు కూడా అంతే. “రాత్రి ఉన్నాయి, పొద్దున లేవు” అనేవాళ్లను నేను మొదట అడిగేది తొట్టిలో సక్కర్ ఉందా అని.

7. గుంటల్లో పిల్లలు

నాలుగో రోజు గురిగి ఖాళీగా కనిపిస్తుంది. గుండె జారిపోనివ్వకండి. గుడ్లు పగలగానే తల్లిదండ్రులు పిల్లలను నోట్లో పెట్టుకుని ఇసుకలో ముందే తవ్వి ఉంచిన గుంటలోకి ఉమ్ముతాయి. వంగి చూస్తే గుంట అడుగున తోకలు కొట్టుకుంటూ ఒక ముద్ద కదులుతుంటుంది. ఇంకా ఈదలేవు, కడుపు కింద సంచిలో ఉన్న సొనే వాటి తిండి, మీరు మేత వేయక్కర్లేదు.

ఒక గుంట నుంచి ఇంకో గుంటకు రోజుకు ఒకటి రెండు సార్లు మకాం మారుస్తాయి. మా ఇంట్లో పిల్లి కూనలను మార్చినట్టే. పొద్దున ఒక చోట, సాయంత్రం ఇంకో చోట ఉన్నాయంటే పోయాయని కాదు, వెతకండి, కానీ కళ్లతోనే.

ఇంకో నాలుగైదు రోజులకు, అంటే గుడ్లు పెట్టిన ఎనిమిది తొమ్మిది రోజులకు, పిల్లలు మబ్బులా పైకి లేస్తాయి. అసలు చూడాల్సింది ఇప్పుడే. తల్లి పిల్లల మధ్యలో ఉంటుంది, తండ్రి అంచున. ప్రమాదం అనిపిస్తే తల్లి కింది రెక్కలను టపటపా ఆడిస్తుంది, మబ్బు మొత్తం ఒక్కసారిగా కిందికి ముద్దగా దిగిపోతుంది. దారి తప్పిన పిల్లను తండ్రి నోట్లో వేసుకుని తెచ్చి గుంపులో ఉమ్ముతాడు. అడుగున ఆకో చెత్తో ఉంటే దాన్ని తిప్పి, ఇసుక రేపి, కింద ఉన్న తినేవాటిని పిల్లల ముందుకు లేపుతాయి. బాదం ఆకు ఎండినది ఒకటి వేసి చూడండి, దాన్ని ఎలా తిరగేస్తాయో.

చీకటి పడే ముందు పిల్లలన్నిటినీ పోగేసి గుంటలోకో గురిగిలోకో చేరుస్తాయి. అందుకే లైటు ఠక్కున ఆపేయొద్దన్నది. సగం మంది ఇంటికి చేరకముందే చీకటైతే ఆ పిల్లలు పొద్దునకు ఉండవు.

ఇప్పుడు మీ చెయ్యి లోపల పెడితే కొరుకుతాయి, నాలుగంగుళాల చేపే కదా అనుకుంటారు, నొప్పి బాగానే తెలుస్తుంది.

8. పిల్లల మేత

పిల్లలు ఈదడం మొదలైన రోజు నుంచి. గుడ్ల నుంచి అప్పుడే పగిలిన ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్య జాతి) పిల్లలు అన్నిటికంటే మంచివి:

- లీటరు నీళ్లకు 25 నుంచి 30 గ్రాముల దొడ్డు ఉప్పు కలపండి
- ప్లాస్టిక్ సీసా తలకిందులుగా పెట్టి అడుగు నుంచి గాలి బాగా వదలండి, పైన లైటు వెలగాలి
- అర చెంచా ఆర్టీమియా గుడ్లు వేయండి, 27 డిగ్రీల దగ్గర ఒక రోజులో పగులుతాయి, చలికాలం ఇంకొంచెం ఎక్కువ
- గాలి ఆపి పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలతాయి, కింద నారింజ రంగులో చేరినవాటిని పైపుతో లాగండి
- సన్న బట్టలో వడకట్టి మంచినీళ్లతో కడిగాకే వేయండి

రోజుకు మూడు నాలుగు సార్లు, డ్రాపర్‌తో పిల్లల గుంపు పక్కనే వదలండి. పది నిమిషాలకు పిల్లల పొట్టలు నారింజ రంగుకు తిరిగితే తిన్నట్టు లెక్క, ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

ఆర్టీమియా దొరకకపోతే ఫ్లేక్ అనే రేకుల మేతను వేళ్ల మధ్య పిండిలా నలిపి వేయండి, కాన్విక్ట్ పిల్లలు మొదటి రోజు నుంచే తింటాయి. ఉడికిన గుడ్డు సొన కూడా పనిచేస్తుంది, కానీ ఆవగింజంత ఎక్కువైనా నీళ్లు పాడు. మొదటి ఈతలో నేను పిల్లలను పోగొట్టుకున్నది ఆకలితో కాదు, సొన ఎక్కువ వేసి.

రెండు రోజులకోసారి 10, 15 శాతం నీళ్లు మార్చండి. సన్న ఎయిర్ ట్యూబ్ చివర గుడ్డ కట్టి లాగితే పిల్లలు రావు, అయినా తీసిన బకెట్ పారబోసే ముందు ఒకసారి చూడండి, ఎప్పుడూ రెండు మూడు ఉంటాయి.

9. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి మందు

మొదటి ఈత గుడ్లు తినేశాయి: మామూలే. కొత్త జోడీ రెండు మూడు సార్లు తప్పు చేసి నేర్చుకుంటుంది. నెల లోపే మళ్లీ పెడతాయి, తొట్టి మార్చకండి, జోడీ విడదీయకండి.

నాలుగైదు సార్లు తినేశాయి: తప్పు వాటిది కాదు, చుట్టుపక్కల చూడండి. రాకపోకలు, టీవీ, అర్ధరాత్రి లైట్లు, సక్కర్, లేదా ఎదురుగా శత్రువు మరీ దగ్గరగా ఉండటం. ఒక్కోసారికి ఒక్కటే మార్చండి, అన్నీ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

గుడ్లన్నీ తెల్లబడ్డాయి: రెండూ ఆడవే అయి ఉండొచ్చు. రెండు ఆడవి జోడీ కట్టి గుడ్లు పెట్టి, లేని పిల్లల కోసం కాపలా కూడా కాస్తాయి. పొట్ట మీద మచ్చ మళ్లీ చూడండి.

మగది గుడ్లు పెట్టాక ఆడదాన్ని కొడుతోంది: గాజు అవతలి శత్రువు కనిపిస్తోందా చూడండి. కనిపిస్తున్నా కొడుతుంటే మగదాన్ని జాలీ అవతలికి పంపండి. ఆడది ఒక్కతే పిల్లలను పెంచగలదు.

పిల్లలు రోజుకు కొన్ని తగ్గుతున్నాయి: అమ్మోనియా చూడండి, ఫిల్టర్ మూతి చూడండి, ఆ తర్వాతే తల్లిదండ్రులను అనుమానించండి.

కరెంటు పోయింది: బ్యాటరీ పంపు పెట్టండి. చలికాలం రాత్రయితే తొట్టి చుట్టూ దుప్పటి కప్పండి, పైన గాలి ఆడాలి. కరెంటు వచ్చేదాకా మేత బంద్.

ఏం చేసినా తినేస్తుంటే ఆఖరి మార్గం గుడ్లను వేరే పొదగడం. గురిగిని నీళ్లలోనే గిన్నెలోకి ఎత్తి, గాలి తగలకుండా, అదే తొట్టి నీళ్లు పోసిన పది లీటర్ల టబ్బులో పెట్టండి. గుడ్ల పక్కన ఎయిర్ రాయి, బూజు పట్టకుండా నీళ్లు లేత నీలం అయ్యేంత మిథిలీన్ బ్లూ మందు, తెల్లవి కనిపిస్తే పిప్పెట్‌తో తీసేయాలి. పిల్లలు వస్తాయి. కానీ కాపలా చూడలేరు, అది చూడకపోతే ఈ చేప పెంచడమెందుకో నాకర్థం కాదు.

10. వేరే సిక్లిడ్లకు ఏం మారుతుంది

ఏంజెల్ చేప నిలువుగా ఉన్న వాటి మీద గుడ్లు పెడుతుంది. వెడల్పు ఆకు, ఏటవాలుగా నిలబెట్టిన పలక, పీవీసీ పైపు ఏదైనా చాలు. 27, 28 డిగ్రీలు, బోరు నీళ్లలో సగం ఆర్‌ఓ నీళ్లు కలపండి. ఆడ, మగ తేడా గుడ్లు పెట్టేటప్పుడే తెలుస్తుంది, ఆడదాని గొట్టం వెడల్పుగా మొద్దుగా, మగదానిది సన్నగా మొనదేలి ఉంటుంది. గుడ్లు తినే అలవాటు వీటిలో చాలా ఎక్కువ, ఓపిక పట్టాలి.

ఎల్లో ల్యాబ్ లాంటి, ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపలకు మన గట్టి నీళ్లు బాగా నప్పుతాయి. ఇవి గుడ్లను నోట్లో దాచుకునే రకం. జోడీ ఉండదు, ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి పెట్టాలి. గుడ్లు పెట్టాక ఆడది మూడు వారాలకు పైగా వాటిని నోట్లోనే ఉంచుకుంటుంది, గొంతు ఉబ్బి ఉంటుంది, మేత ముట్టదు. రోగం వచ్చిందని మందులు పోయకండి. రెండు వారాలు దాటాక రాత్రిపూట మెల్లగా వేరే తొట్టిలోకి మారిస్తే పిల్లలను అక్కడ వదులుతుంది.

మన దేశానికి సొంతమైన సిక్లిడ్లు మూడే. అందులో ఆరెంజ్ క్రోమైడ్ పెంచేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, పిల్లలు తల్లిదండ్రుల ఒంటి మీది జిగురును కొరికి తింటాయి, డిస్కస్ అనే ఇంకో సిక్లిడ్‌లో లాగే. పుండు చేస్తున్నాయని వేరు చేస్తే పిల్లలకు ఆ తిండి పోతుంది.

11. పిల్లలను వేరు చేయడం

నాలుగు నుంచి ఆరు వారాల మధ్య ఒకరోజు తల్లి పిల్లలను తరమడం మొదలుపెడుతుంది. కాకి పిల్ల కాకికి ముద్దు అన్నది అప్పటిదాకే. మళ్లీ గుడ్లకు సిద్ధమవుతోందని అర్థం, ఆ రోజే పిల్లలను వేరే తొట్టికి మార్చాలి. అందులో ఫిల్టర్ ముందే పండి ఉండాలి, కాబట్టి ఒక స్పాంజ్‌ను మొదటి రోజు నుంచే పెద్ద తొట్టిలో అదనంగా నడపండి, పిల్లలతో పాటు దాన్నీ ఎత్తి పెట్టేయొచ్చు.

ఇప్పుడు మీ చేతిలో నూట యాభై కాన్విక్ట్‌లున్నాయి. షాపుల వాళ్లు ఈ చేపంటే మొహం తిప్పుకుంటారు, అందరి దగ్గరా ఉన్నవే కదా. మొదటి ఈతకు ముందే ఒకరిద్దరితో మాట్లాడి పెట్టుకోండి, డబ్బులు కాకుండా మేత, స్పాంజ్ కింద మార్చుకుంటామంటే ఒప్పుకుంటారు. తెలిసినవాళ్లకు ఇస్తే జోడీగా కాకుండా ఒకే రకం, అన్నీ మగవో అన్నీ ఆడవో ఇవ్వండి, లేకపోతే ఆర్నెల్లకు వాళ్లూ మీ దగ్గరికే పిల్లలు పట్టుకొస్తారు.

భద్రకాళి చెరువులోనో వడ్డేపల్లి చెరువులోనో వదిలేద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. పుణ్యం కాదది. మన చెరువుల్లో నీళ్లు ఏడాదిలో ఎక్కువ కాలం వెచ్చగానే ఉంటాయి, అదే కాపలా బుద్ధితో అక్కడా పెరుగుతాయి, ఆస్ట్రేలియాలో ఇలా వదిలినవి నిలదొక్కుకున్నాయి కూడా. సక్కర్ చేప మన తెలుగు చెరువుల్లో కొన్నిచోట్ల వలలు చింపుతున్నది ఎవరో తొట్టి ఖాళీ చేసుకోబట్టే.

ఇక చాలు అనుకుంటే ఆడదాన్ని జాలీ ఇవతల, మగదాన్ని అవతల ఉంచి, గురుగులన్నీ తీసేసి, హీటర్ 24కు దించండి. జాలీ దగ్గర కూడా ఇసుక తవ్వడం మొదలుపెడితే ఒక వారం బ్లడ్‌వార్మ్ ఆపేయండి.